కోడలు నా మీదికి చెప్పులు విసిరింది

ప్రశ్న: మేడమ్, నాకు 66 ఏళ్ళు. పుట్టి పెరిగింది అవనిగడ్డ దగ్గర, ఇప్పుడు ఉండేది కూకట్‌పల్లిలో. మా అబ్బాయి డాక్టరు. అమెరికాలో అలబామా ఉత్తరాన ఓ పల్లెటూరి ఆసుపత్రిలో మూడేళ్ళ వెయివర్ ఉద్యోగం, అంటే వీసా షరతు మినహాయింపు కోసం డాక్టర్లు తక్కువున్న చోట చేసేది. కోడలు గచ్చిబౌలిలో చేసే ఉద్యోగం మానేసి వెళ్ళింది. పిల్లలకు ఆరేళ్ళు, రెండేళ్ళు. ఏప్రిల్‌లో నేను అక్కడ ఉండగా ఒక రాత్రి టోర్నడోలు వరసగా వచ్చాయి. ఫోన్లు మోగడంతోనే కోడలు నా వాకింగ్ బూట్లు తెచ్చి నా మీదికి విసిరింది. తన సైకిల్ హెల్మెట్ నా నెత్తిన అదిమి, రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్ళి బాత్‌రూమ్‌లో నేల మీద కూర్చోబెట్టింది. వెండి వేంకటేశ్వరస్వామిని తీసుకోనివ్వలేదు. కిటికీలు తెరవబోతే అరిచింది. ఇంట్లో ఉన్నవి మూడే హెల్మెట్లు. తను మాత్రం నెత్తిన దిండు పెట్టుకుని కూర్చుంది. గాలి తగ్గాక చిన్నదానికి పాలు వెచ్చబెడదామని లేస్తే పిల్లల ముందే ‘కూర్చోండి’ అని గదిమింది. అబ్బాయి అప్పుడు వరండాలో ఫోనులో వీడియో తీస్తున్నాడు, వాడికి చిన్నప్పటినుంచీ వానన్నా మెరుపన్నా సరదా. మాకేమీ కాలేదు గానీ పక్క ఊళ్ళో ఇళ్ళు లేచిపోయాయి. నాలుగు రోజులు కరెంటు లేదు. జనరేటరు వానకు తడుస్తుంది, గరాజులో పెట్టమన్నాను. అబ్బాయి సరే అన్నాడు, కోడలు ఒప్పుకోలేదు. నేను తిరిగొచ్చి రెండు నెలలైంది, ఇంతవరకు ఒక్క సారీ లేదు. చెప్పులు విసిరిన కోడలి చేత క్షమాపణ ఎలా చెప్పించాలి? నవంబరులో మళ్ళీ రమ్మంటున్నారు. వెళ్ళాలా, వద్దా?

జవాబు: అమ్మా, క్షమాపణ అడగకండి. అది మీకు రావలసిన బాకీ కాదు. వెళ్ళాలా వద్దా అంటే, వెళ్ళండి. మీరడిగిన రెండింటికీ జవాబులు అయిపోయాయి. అసలు సంగతి మీ ఉత్తరంలో మీరు సరదాగా దాటేసిన ఒక వాక్యంలో ఉంది. కానీ ముందు ఆ చెప్పుల సంగతి తేల్చకపోతే మీరు నా మాట చెవిన పెట్టరు.

కోడలు అత్త మీదికి చెప్పు విసిరిందంటే మన ఇళ్ళల్లో దానర్థం ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే విసిరింది వాకింగ్ బూట్లని మీరే రాశారు. ఉత్తరం చివరికొచ్చేసరికి అవి చెప్పులయ్యాయి. అక్కడి ఇళ్ళు చాలావరకు చెక్క చట్రం మీద కట్టినవి. ఇల్లు విరిగిందంటే ప్రతి చెక్కకూ మేకులు పైకి తేలి ఉంటాయి, వాటి మధ్య గాజు పెంకులు. కరెంటు లేని చీకట్లో ఉత్తి కాళ్ళతో పదడుగులు వేయలేరు. అందుకే అక్కడ పిల్లలకు కూడా నేర్పే మాట ఇది: వార్నింగ్ రాగానే కాళ్ళకు గట్టి బూట్లు. అరికాలు చీరుకుపోయిన మిమ్మల్ని ఎవరు మోయాలి? చంకలో రెండేళ్ళ పిల్ల ఉన్న మీ కోడలే కదా. చేతికిచ్చే తీరిక లేక విసిరింది.

ఎంత తీరిక లేదో కూడా చెబుతాను. టోర్నడో వాచ్ అంటే ఈ కొన్ని గంటల్లో ఈ ప్రాంతంలో రావచ్చు, కనిపెట్టుకుని ఉండండని. అది ఓక్లహామా రాష్ట్రం నార్మన్‌లోని జాతీయ కేంద్రం నుంచి వస్తుంది. వార్నింగ్ అంటే రాడార్‌లో సుడి కనబడింది, లేదా ఎవరో కంటితో చూశారు, ఉన్నపళాన దాక్కోండని. అది స్థానిక వాతావరణ కార్యాలయం ఇస్తుంది. వార్నింగ్‌కూ సుడిగాలికీ మధ్య సుమారు పది నిమిషాలు దొరికితే దొరికినట్టు, ఒక్కోసారి అదీ ఉండదు. వరసగా వచ్చే రోజుల్లో సుడిగాలి గంటకు 80, 90 కిలోమీటర్ల వేగంతో పరిగెడుతుంది. మూడు కిలోమీటర్ల అవతల ఉన్నది రెండు నిమిషాల్లో మీ గుమ్మంలో ఉంటుంది. ఆ కాస్త వ్యవధిలో ఇద్దరు పిల్లలనూ చూసుకుని, కిటికీల దగ్గర ఉన్న మిమ్మల్ని కూడా లోపలికి చేర్చింది. ‘రండి అత్తయ్యా’ అని మర్యాదగా పిలిచే సమయం కాదమ్మా అది.

మీరు దివిసీమ మనిషి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన మీకు బాగా గుర్తుండే వయసు. గాలంటే మీకున్న తెలివంతా తుఫాను నేర్పింది, చిక్కొచ్చింది అక్కడే. తుఫాను వందల కిలోమీటర్ల వెడల్పున వస్తుంది. ఈ రోజుల్లో దానికి రోజుల ముందే కబురొస్తుంది. సామాను సర్దుకుని, దేవుణ్ణి మూటగట్టుకుని, బడి మేడకు చేరుకునే వ్యవధి ఉంటుంది. టోర్నడో వెడల్పు చాలావరకు కొన్ని వందల మీటర్లే. కానీ అన్నిటికంటే పై తరగతి, ఇ.ఎఫ్.5, అన్నారంటే గంటకు 322 కిలోమీటర్లు దాటిన గాలి. కిటికీలు తెరిస్తే గాలి ఇటు దూరి అటు పోతుందని అమెరికాలో పాతకాలపు వాళ్ళూ నమ్మారు. అది తప్పు. దూరిన గాలి కప్పును లోపలినుంచి పైకి నెడుతుంది, పైన పోయే గాలి దాన్నే పైకి లాగుతుంది. పైగా ఆ పనిమీద కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి మొహం మీదే అద్దం పగులుతుంది.

బాత్‌రూమ్ నేల మీద కూర్చోబెట్టిందన్న బాధ నాకు అర్థమవుతోంది, మడీ ఆచారమూ ఉన్న మనిషికి అది చిన్న విషయం కాదు. అలబామాలో చాలా ఇళ్ళకు నేలమాళిగ ఉండదు. అప్పుడు కింది అంతస్తులో, ఇంటి నడిమధ్య, కిటికీ లేని చిన్న గది వెతుక్కోవాలి. మీకూ బయటికీ మధ్య ఎన్ని గోడలుంటే అంత మేలు. గది చిన్నదైతే గోడలు దగ్గరదగ్గరగా ఉండి కప్పును కాస్త పట్టుకుంటాయి. చాలా ఇళ్ళల్లో అలాంటి గది బాత్‌రూమో బట్టల గదో అవుతుంది. పూజగది నడిమధ్యన ఉంటే అందులోనే కూర్చోబెట్టేది.

ఇక హెల్మెట్. టోర్నడోలో ప్రాణం తీసే దెబ్బల్లో చాలావరకు తలకు తగిలేవే. 2011 ఏప్రిల్‌లో అలబామా మీద టోర్నడోలు వరసగా విరుచుకుపడ్డాక, బర్మింగ్‌హామ్‌లోని అలబామా విశ్వవిద్యాలయం వాళ్ళు, ఇంట్లో ఏ హెల్మెట్ ఉంటే అది పెట్టుకోండని గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు. ఇప్పుడు మీ లెక్కే చూడండి. ఇంట్లో మూడు హెల్మెట్లు. పిల్లలకు రెండు. మూడోది ఆ అమ్మాయిది, అది మీ నెత్తిన ఉంది. తనకు మిగిలింది దిండు. ఈ వాక్యాన్ని మీరు ఫిర్యాదుగా రాశారు. ఒక్కసారి మళ్ళీ చదువుకోండి.

‘కూర్చోండి’ అని గదమడానికీ కారణముంది. ఔట్‌బ్రేక్ అంటే ఒకే వాతావరణంలో ఒకదాని వెనక ఒకటి పుట్టుకొచ్చే వరస. తుఫాను కన్ను దాటినప్పుడు గాలి ఆగి మళ్ళీ ఎదురుగా కొట్టడం మీకు తెలుసు. ఇక్కడ ఆ పాటి పద్ధతి కూడా ఉండదు. 2011 ఏప్రిల్ 27న అలబామాలో తెల్లవారుజామున ఒక విడత వచ్చి కరెంటు తీగలు తెంచిపోయింది. మధ్యాహ్నం వచ్చిన పెద్ద విడతకు చాలా ఇళ్ళల్లో టీవీ లేదు. వార్నింగ్‌లు వినిపించే వాతావరణ రేడియో కూడా కొన్నిచోట్ల మూగబోయింది. ఆ మధ్యాహ్నం హాకిల్‌బర్గ్, ఫిల్ కాంప్‌బెల్ అనే చిన్న ఊళ్ళ మీదుగా పోయిన ఒక్క టోర్నడోయే 212 కిలోమీటర్లు నడిచింది, ఇంచుమించు హైదరాబాదు నుంచి ఖమ్మం దాకా. 72 మంది పోయారు. మీ అబ్బాయి ఉండే అలబామా ఉత్తర భాగమే అది. గాలి తగ్గింది కదా అని వంటింట్లోకి పోకూడదు, వార్నింగ్ గడువు ముగిసి, వెనక ఇంకోటి లేదని తెలిసేదాకా.

ఇంతకీ ఆ వాక్యం: అబ్బాయి వరండాలో వీడియో తీస్తున్నాడు.

తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు బాత్‌రూమ్‌లో ఉంటే ఇంటి యజమాని వరండాలో ఉన్నాడు. రాత్రిపూట, చెట్లూ గుట్టలూ ఉన్నచోట, వాన చాటున వచ్చే టోర్నడో కంటికి కనబడదు. కనబడేది తెగిన కరెంటు తీగల నీలి మెరుపులే, అవి కనిపించేసరికి అది మీదికొచ్చినట్టే. మనుషుల్ని చంపేది గాలికంటే అది మోసుకొచ్చే చెక్కలూ రేకులూ. పక్క ఊళ్ళో గాయపడ్డవాళ్ళు తెల్లారితే వెతుక్కుంటూ రావలసింది ఆ డాక్టరు దగ్గరికే. దీన్ని మీరు ‘సరదా’ అన్నారు. మీ ముగ్గురినీ లోపలికి చేర్చిన మనిషి మీద మాత్రం ఇంత పొడుగు ఉత్తరం రాశారు.

జనరేటరు దగ్గరా ఇదే కథ. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. గరాజు తలుపు పూర్తిగా ఎత్తిపెట్టినా అది ఇంట్లోకి చేరుతుంది, నిద్రలోనే చంపుతుంది. జనరేటరు ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం కిటికీలకు ఎదురుగా కాకుండా తిప్పి, నాలుగువైపులా గాలాడే పైకప్పు కింద పెట్టాలి. దాని తీగను గోడ ప్లగ్గులో గుచ్చకూడదు, కరెంటు వెనక్కి పారి బయట స్తంభమెక్కిన లైన్‌మన్‌ను పట్టేస్తుంది. గరాజులో పెట్టకూడదని డాక్టరుకు తెలియదంటే నేను నమ్మను. తెలుసు. తెలిసీ, అమ్మతో ‘కాదమ్మా’ అనలేక సరే అన్నాడు. ఆ ‘కాదు’ భార్య చేత అనిపించాడు.

మీ ఇంట్లో అసలు జబ్బు ఇది. అమ్మకు చేదు మాట చెప్పే పని పెళ్ళయిన నాటినుంచీ కోడలి వాటాకు వచ్చింది. అబ్బాయి మంచివాడుగా మిగిలాడు, ఆ అమ్మాయి నోటి దురుసుది అయింది. ఉద్యోగం వదులుకుని, అయినవాళ్ళు లేని పల్లెలో ఇద్దరు పిల్లలతో ఉంటూ, ఆ నేల మీద ప్రాణాలెలా కాపాడుకోవాలో నేర్చుకున్నది ఆమె. వాడికి ఆ అవసరం రాకుండా చేసింది మీరూ ఆమే కలిసి. తల్లి ముద్దు చేసిన కొడుకును భార్య మోస్తుందని నేను చాలా ఉత్తరాల్లో చదివాను. ఈసారి ఆ బరువు మోస్తున్న చోట గాలి గంటకు వందల కిలోమీటర్లు, అంతే తేడా.

కాబట్టి ఫోను చేయవలసింది కొడుక్కి. ఆదివారం రాత్రి ఏడున్నరకు చేయండి, అక్కడ ఉదయం తొమ్మిదవుతుంది. స్పీకరులో వద్దు, పిల్లల కబుర్లతో మొదలెట్టొద్దు. ‘ఆ రాత్రి నువ్వు లోపల ఉండాల్సింది. నాకు వద్దని చెప్పాల్సింది నువ్వు, నీ భార్య కాదు’ అనండి. ఏడవకండి. మీరు ఏడిస్తే వాడు ఓదార్చి తప్పించుకుంటాడు. ఆ తర్వాత పనులు పురమాయించండి. నవంబరు అక్కడ రెండో టోర్నడో కాలం, మీరు దిగేలోపు ఇవి జరగాలి. వాతావరణ రేడియో ఒకటి కొనాలి. దానిలో వాళ్ళ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆరంకెల కోడు ఎక్కించాలి, లేకపోతే ఊరూరి వార్నింగ్‌కూ మోగుతుంటే విసిగి కట్టేస్తారు. ప్లగ్గుతోపాటు లోపల బ్యాటరీలూ ఉండాలి. వీధి సైరన్‌ను నమ్ముకోకూడదు, అది బయట తిరిగేవాళ్ళ కోసం పెట్టింది, ఏసీ గదిలో నిద్రపోయేవాళ్ళకు వినబడదు.

ఇల్లు సొంతమైతే గరాజు కాంక్రీటు నేలకు బోల్టులతో బిగించే ఉక్కు గది పెట్టించమనండి. 15 పౌన్ల చెక్కను గంటకు 100 మైళ్ళ వేగంతో కొట్టినా తట్టుకున్నట్టు పరీక్ష పత్రం అడగాలి. తలుపును ముఖ్యంగా చూడాలి, మూడు బందులు, మూడు గడియలు ఉండాలి. ఇలాంటి గదులకు తలుపే బలహీనమైన చోటు. అద్దె ఇల్లయితే ఊళ్ళో అందరి కోసం కట్టిన షెల్టర్ ఎక్కడుందో, ఎప్పుడు తెరుస్తారో కనుక్కోవాలి. అక్కడికి వాచ్ ఉండగానే వెళ్ళాలి, వార్నింగ్ వచ్చాక కారెక్కకూడదు. ఇవన్నీ వాడు కనుక్కోవాలి. ‘కోడల్ని అడుగుతానమ్మా’ అంటే ఒప్పుకోకండి.

కోడలితో ప్రసంగాలు వద్దు. ‘నన్ను కాపాడావు తల్లీ’ అని సినిమా చేస్తే ఆ అమ్మాయి ఇబ్బంది పడుతుంది. ఒక్క మాట అడగండి: ‘వస్తున్నాను, ఈసారి వార్నింగ్ వస్తే నా పనేంటి?’ చిన్నదాన్ని ఎత్తుకోవడమో, సంచి పట్టుకోవడమో ఏదో ఒకటి చెబుతుంది. ఆ సంచి మీరే సర్దండి. పాస్‌పోర్టు, వారానికి సరిపడా మీ మాత్రలు, కళ్ళజోడు, టార్చి, శిథిలాల కింద చిక్కుకుంటే ఊదడానికి ఓ విజిల్. స్వామిని కూడా పట్టుగుడ్డలో చుట్టి మబ్బు పట్టిన రోజు ఉదయమే అందులో పెట్టేయండి, ఆఖరి నిమిషంలో ఆయన కోసం పరిగెత్తే పని ఉండదు. ఇక్కడున్న మీవాళ్ళకీ చెప్పి వెళ్ళండి, టీవీలో చూసి వరసగా ఫోన్లు కొట్టొద్దని. అలాంటి రాత్రి లైన్లు కిక్కిరిసి ఉంటాయి, వాళ్ళకు బ్యాటరీ విలువైనది. ‘బాగున్నాం’ అని ఒక్క మెసేజ్ అక్కణ్ణుంచి వస్తుంది, అంతవరకు ఓపిక పట్టమనండి.

హెల్మెట్ బిగించుకునే ముందు కొప్పు విప్పి జడ వదిలేయండి, కొప్పు మీద అది సరిగా కూర్చోదు. మీరు వెళ్తే ఆ ఇంట్లో ఐదు తలలు, ఉన్నవి మూడు హెల్మెట్లు. మిగతా రెండూ అబ్బాయి చేత కొనిపించండి.