ముందు వాళ్ళెక్కడ ఆగుతున్నారో చూడు

అమ్మాయీ,

పాత కట్టడం దగ్గర సందర్శకుల పని నీకు అప్పజెప్పారని తెలిసి సంతోషించాను. మొదటి వారమే కొత్త బోర్డులు రాయడం మొదలుపెట్టానన్నావు చూడు, అక్కడే నాకు కాస్త కంగారు పుట్టింది. బోర్డుల సంగతి తర్వాత. ఓ రెండు వారాలు ఊరికే చూడు.

నేనూ నీలాగే మొదలుపెట్టాను. ఒకరోజు ఒక పెద్దావిడ గోడ మీద చెక్కిన పేర్ల దగ్గర నిలబడి, ఒకే అక్షరం మీద మళ్ళీ మళ్ళీ వేలు పోనిస్తోంది. సాయం చేద్దామని వెళ్ళి ఆ గోడ ఎప్పుడు కట్టారో, రాయి ఎక్కణ్ణుంచి తెచ్చారో గడగడా చెప్పేశాను. ఆవిడ ఓపిగ్గా అంతా విని, "ఇది మా తాతగారి పేరు బాబూ" అంది. నేను చెప్పినదాంట్లో ఒక్క తప్పూ లేదు. ఆవిడకు అందులో ఒక్క ముక్కా అక్కర్లేదు.

టికెట్ లెక్కల్లో పెద్దలు, పిల్లలు, విదేశీయులు అని విడదీస్తారు. ఆఫీసుకి పనికొస్తుంది గానీ ఎవరు దేనికోసం వచ్చారో దాంట్లో తెలీదు. మ్యూజియం సందర్శకుల్ని ఏళ్ళ తరబడి పరిశీలించిన జాన్ ఫాక్ అనే అమెరికన్ పరిశోధకుడు, వాళ్ళు వచ్చిన కారణాన్ని బట్టి విడదీశాడు. కొత్తది తెలుసుకుందామని వచ్చేవాళ్ళు, పిల్లలకో చుట్టాలకో చూపించడానికి వచ్చేవాళ్ళు, పేరున్న చోటు చూసేశాం అనిపించుకోడానికి వచ్చేవాళ్ళు, ఆ విషయమే వృత్తో పిచ్చో అయినవాళ్ళు, కాసేపు ప్రశాంతంగా కూర్చుందామని వచ్చేవాళ్ళు. ఒకే మనిషి ఇవాళ ఒక రకంగా, పిల్లలతో వచ్చినప్పుడు ఇంకో రకంగా ఉంటాడని కూడా ఆయనే అన్నాడు. కాబట్టి మొహం చూసి తేల్చేయకు. సెల్ఫీలు దిగేవాళ్ళని చూసి మూతి విరవకు కూడా. (నేను చాలా ఏళ్ళు విరిచాను. ఒకబ్బాయి సెల్ఫీ దిగాక మంచంలో ఉన్న వాళ్ళ నాన్నకి వీడియో కాల్ చేసి గోడలన్నీ తిప్పి చూపించాడు. ఆ రోజుతో మానేశాను.)

ఇష్టాలు ఒకదానికొకటి అడ్డం పడ్డప్పుడే అసలు తలనొప్పి. ఒకే రోజు ఒకాయన నాచు కడిగించరేం అని ఫిర్యాదు రాస్తే, ఇంకొకావిడ ఆ నాచు ముందే అరగంట కూర్చుని బొమ్మ గీసుకుంది. పాతదనాన్ని ఇష్టపడేవాళ్ళూ, కొత్తగా మెరిసిపోవాలనేవాళ్ళూ వేరని వియన్నాకు చెందిన అలోయిస్ రీగల్ అనే కళాచరిత్రకారుడు 1903లోనే రాశాడు. కాబట్టి ఆ ఫిర్యాదు నీ ఒక్కదాని నెత్తిన పడ్డది కాదులే, టెన్షన్ పడకు.

కొన్నిచోట్ల ఇద్దరికీ చోటు దొరుకుతుంది. ఇంగ్లండులో స్టోన్‌హెంజ్ అని పాతకాలపు పెద్ద రాళ్ళ వలయం ఉంది. అక్కడ మామూలు వేళల్లో జనం రాళ్ళకు దూరంగా బాట మీదే నడవాలి. జూన్‌లో పగలు అన్నిటికన్నా పొడవుగా ఉండే రోజున సూర్యోదయం చూడ్డానికి వచ్చేవాళ్ళని మాత్రం 2000 నుంచి రాళ్ళ మధ్యకే రానిస్తున్నారు. ఆ పద్ధతి ఊరికే రాలేదు, అక్కడి వేడుక విషయంలో 1985లో పోలీసులతో పెద్ద గొడవే అయింది. ఆస్ట్రేలియాలోని ఉలురు దగ్గర అలా సర్దడం కుదరలేదు. ఆ కొండ ఎక్కడం కొందరు యాత్రికులకు గొప్ప. అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు అది పవిత్రం. ఎక్కొద్దని వాళ్ళు ఏళ్ళ తరబడి అడిగారు, చివరికి 2019 అక్టోబర్ 26న దారి మూసేశారు. నన్నడిగితే అదే న్యాయం. ఎక్కలేనివాడు చుట్టూ నడిచైనా చూడొచ్చు. పవిత్రత పోయినవాళ్ళకి బదులుగా ఏమిస్తాం?

ఇక నీ పని. కట్టడం ప్లాన్ జిరాక్సులు తీసి, రోజుకో కాగితం పట్టుకుని ఒక మూల కూర్చో. ఎవరెక్కడ ఆగారు, ఎంతసేపు, ఎక్కణ్ణుంచి వెనక్కి తిరిగారు, ఎక్కడ చెయ్యి పెట్టి చూశారు, ఇవన్నీ ఆ కాగితం మీద గుర్తు పెట్టు. పేర్లు అక్కర్లేదు, వెంటపడకు. బయటికొచ్చేవాళ్ళని "బాగుందా?" అని అడక్కు, అందరూ బాగుందనే అంటారు. "ఇంటికెళ్ళాక దీని గురించి ముందు ఏం చెబుతారు?" అని అడుగు. జవాబు వాళ్ళ మాటల్లోనే రాసుకో, నీ భాషలోకి సర్దకు. పక్కనే ఉంటూ ఎప్పుడూ లోపలికి రానివాళ్ళు ఉంటారు, వాళ్ళనీ ఒకసారి కదిపి చూడు. మా రోజుల్లో ఆ పని నేను చెయ్యలేదు, ఇప్పటికీ బాధే.

రెండు వారాలయ్యాక ఆ కాగితాల మీది గుర్తులన్నీ ఒకే ప్లాన్ మీదికి ఎక్కించు. గుర్తులు ఎక్కడ గుమిగూడాయో కనిపిస్తుంది. ఫోటో తీసి నాకు పంపు, కళ్ళజోడు మార్పించుకున్నాను, ఇప్పుడు బాగానే కనిపిస్తోంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న