పంచాయతీ వంతెనకు నాబార్డు రుణం ఎలా వస్తుంది?

అంబాజీపేట దగ్గర మురుగు కాలువపై వంతెన కోసం మీ పంచాయతీ నాబార్డుకు (జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకుకు) నేరుగా దరఖాస్తు పెట్టవచ్చా అని అడిగారు. ఇలాంటి పనులకు నాబార్డు అప్పిచ్చేది గ్రామీణ మౌలిక సదుపాయాల అభివృద్ధి నిధి నుంచి; అది 1995-96లో ఏర్పడింది. అందులోంచి అప్పు తీసుకునేది ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వమే కాబట్టి, ప్రతిపాదన ఆర్థిక శాఖ ద్వారానే వెళ్లాలండి. (వ్యవసాయం వంటి ప్రాధాన్య రంగాలకు ఇవ్వాల్సిన రుణాల లక్ష్యం అందుకోలేని బ్యాంకులు జమచేసే సొమ్మే ఆ నిధికి ఆధారం.) ముందుగా గ్రామసభ తీర్మానాన్ని పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారికి ఇచ్చి అంచనా వేయించండి. మన గోదావరి డెల్టాలో అడుగున మెత్తటి బంకమట్టి గనుక మట్టి పరీక్ష నివేదిక, వరద మట్టం వివరాలు, డ్రైనేజీ విభాగం నిరభ్యంతర పత్రం లేని అంచనా నా అభిప్రాయంలో జిల్లా దాటదు. మంజూరయ్యాక కూడా సొమ్ము చాలావరకు ఖర్చుపెట్టిన తర్వాతే విడుదలవుతుంది. అందుచేత వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేసే నాటికి టెండరు ముగిసేలా ఇప్పుడే కదలండి.