సరదా ఈత రిలేలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా క్లబ్బులో పెద్దల ఈత పోటీలు పెట్టినప్పుడల్లా ఆ నలుగురైదుగురే గెలుస్తున్నారు. మిగతావాళ్లు పేరివ్వడం మానేస్తున్నారు. ఈసారి సరదా రిలేలు పెడదామనుకుంటున్నాం. పూల్ 25 మీటర్లు, ఆరు లేన్లు. 30 నుంచి 65 ఏళ్ల వాళ్లు 24 మంది ఉన్నాం. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు జట్లు సరిగ్గా కట్టండి. వారం ముందే ఒక్కొక్కరి 25 మీటర్ల టైము రాసుకుని, వేగాన్ని బట్టి 1 నుంచి 24 దాకా వరస పెట్టండి. మొదటి జట్టుకు 1, 12, 13, 24 నంబర్లవాళ్లు, రెండోదానికి 2, 11, 14, 23. అలా వెళ్తే ఆరో జట్టుకు 6, 7, 18, 19 వస్తారు. ఏ జట్టు నంబర్లు కూడినా 50 రావాలి. అప్పటికీ టైముల్లో తేడా మిగిలితే, నెమ్మదైన జట్టును అన్ని సెకన్లు ముందు వదలండి.

ఇక టీషర్ట్ రిలే. తడిసిన టీషర్ట్ విప్పి తర్వాతివాళ్లకు తొడగాలి. ఈ మార్పిడి దగ్గరే వేగంగా ఈదేవాళ్లూ ఆగిపోతారు, అందుకే ఇది అందరి ఆట. జట్టుకు ఒక్కటే గుండ్రటి మెడ కాటన్ టీషర్ట్, జట్టులో అందరికన్నా భారీ మనిషి సైజుకన్నా ఒక సైజు పెద్దది తీసుకోండి. మార్పిడి నడుము లోతు నీళ్లలో, నిలబడే జరగాలి. తడిగుడ్డ ముఖాన్ని కప్పేసినప్పుడు కాళ్లు అందకపోతే ప్రమాదం. కాబట్టి పూల్ ఈ చివరి నుంచి ఆ చివరికి పంపకండి. లేన్ తాడుకు 12 మీటర్ల దగ్గర రంగు రిబ్బన్ కట్టి, అక్కడిదాకా వెళ్లి లోతు తక్కువ వైపుకే తిరిగి రమ్మనండి.

తొడగడానికి ఒక కిటుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా వంగి, తలలు దగ్గర పెట్టి, రెండు చేతులూ పట్టుకోవాలి. మూడోవాళ్లు టీషర్ట్ అంచు పట్టుకుని ఒకరి తల మీదుగా, చేతుల మీదుగా లాగితే నేరుగా రెండోవాళ్ల ఒంటి మీదికి వస్తుంది. తిరగబడినా ఫరవాలేదు. రెండు చేతులూ దూరి, అంచు ఛాతీ దాటాకే కదలాలి. ఈ ఒక్క నిబంధన కచ్చితంగా పాటించకపోతే గొడవలు తప్పవు.

గరిటె–నిమ్మకాయ రిలే కూడా బాగుంటుంది. చెక్క గరిటె తీసుకోండి, చేయి జారినా తేలుతుంది. నిమ్మకాయలన్నీ తేలవు. ముందురోజే బకెట్ నీళ్లలో వేసి తేలినవి మాత్రమే ఏరి పెట్టుకోండి. గరిటె చేత్తోనే పట్టుకోవాలి, నోట పెట్టుకోనివ్వొద్దు. ఎవరైనా తగిలితే పళ్లకు, గొంతుకు దెబ్బ.

మాకు అన్నిటికన్నా ఇష్టమైనది టైము అంచనా రిలే. ప్రతి జట్టూ తన 4×25 మీటర్ల టైము ముందే చీటీలో రాసివ్వాలి. చేతి గడియారాలు తీయించి, పూల్ గడియారానికి గుడ్డ కప్పండి. 1 నిమిషం 52 సెకన్లని రాసి 1:50.4కి వస్తే తేడా 1.6. అందరికన్నా తక్కువ తేడా ఉన్న జట్టుదే గెలుపు. 65 ఏళ్ల పెద్దాయన నింపాదిగా ఈది జట్టును గెలిపించగల పోటీ ఇది. లేన్‌కు రెండు స్టాప్‌వాచీలు పెట్టి సగటు తీసుకోండి.

గంటలో మూడు రిలేలు చాలు. ఆట ఐదు నిమిషాల్లో అయిపోయినా, వివరించడానికీ సామాను సర్దడానికీ అంతకు రెట్టింపు పడుతుంది.

ప్రశ్న: నీటి అడుగున ఊపిరి బిగబట్టి ఈదే రిలే పెట్టవచ్చా? డైవ్ సంగతేమిటి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఊపిరి బిగబట్టే పోటీ వద్దేవద్దు. ముందు గబగబా గాలి పీల్చి దిగితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, ఊపిరి తీసుకోవాలన్న తపనే ఆలస్యంగా పుడుతుంది. ఈలోగా ఆక్సిజన్ పడిపోయి, ఏ హెచ్చరికా లేకుండా స్పృహ తప్పుతుంది. మంచి ఈతగాళ్లకే ఇది ఎక్కువగా జరుగుతుంది. డైవ్ కూడా వద్దు. అందరూ నీళ్లలోనే, గోడకు చేయి ఆనించి బయల్దేరాలి. లైఫ్‌గార్డ్‌ను ఏ జట్టులోనూ చేర్చకండి, స్కోరు రాసే పనీ అప్పగించకండి.

ప్రశ్న: న్యూస్‌పేపర్లు, బెలూన్లు, నూనె రాసిన పుచ్చకాయ వాడవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దండీ. పేపరు నాని గుజ్జయి, పగిలిన బెలూను ముక్కలు కొట్టుకుపోయి ఫిల్టర్ జల్లెడలో ఇరుక్కుంటాయి. నూనె నీళ్ల మీద తెట్టులా పరుచుకుంటుంది, గట్టు మీద కాళ్లు జారుతాయి. పుచ్చకాయ బదులు మామూలు ఫుట్‌బాల్ ఇచ్చి, చేతులు వాడకుండా తలతో నెట్టమనండి.