కెమిస్ట్రీ వదిలేస్తేనే నిరాయుధీకరణలో పని దొరుకుతుందా?

ప్రశ్న: మేడం, నేను బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్. అణు, రసాయన ఆయుధాలు లేకుండా చేసే సంస్థల్లో పనిచేయాలని ఉంది. కెమిస్ట్రీ మానేసి ఇంటర్నేషనల్ రిలేషన్స్‌లో ఎంఏ చేద్దామనుకుంటున్నా. నాన్నేమో అది రాయబారుల పని, మనకెందుకు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చూడమ్మా, ఈ ఫీల్డ్ గురించి అడిగే పిల్లలు చాలా తక్కువ, నీ ప్రశ్న చూసి నిజంగా సంతోషమేసింది. కానీ కెమిస్ట్రీ మాత్రం వదలకు. మీ నాన్నగారన్నట్టు ఒప్పందం మీద సంతకాలు పెట్టేది రాయబారులే, కాకపోతే ఆ తర్వాత ఆ దేశం మాట మీద నిలబడిందా లేదా తేల్చాల్సింది నీలాంటి చదువు చదివినవాళ్లే.

2013 ఆగస్టులో సిరియాలోని ఘౌటాలో సారిన్ అనే ప్రాణాంతక విషరసాయనంతో జరిగిన దాడి చూడు. సారిన్ ఎక్కువకాలం నిలవదు, తేమ తగిలితే విడిపోతుంది, అయినా ఐక్యరాజ్యసమితి టీం తెచ్చిన మట్టి, రాకెట్ ముక్కలు, బాధితుల రక్తం శాంపిల్స్‌లో దాని ఆనవాళ్లు దొరికాయి. ఎలాగంటే సారిన్ విడిపోయినప్పుడు ఐసోప్రొపైల్ మిథైల్‌ఫాస్ఫోనిక్ యాసిడ్ మిగులుతుంది, అది అంత తొందరగా పోదు, మామూలుగా ప్రకృతిలో తయారయ్యేదీ కాదు, కాబట్టి అది కనపడిందంటే అక్కడ సారిన్ ఉన్నట్టే. అదీ ఒక్క ల్యాబ్ చెప్తే ఒప్పుకోరు, సీల్ వేసిన శాంపిల్ వేర్వేరు ల్యాబులకి వెళ్లాల్సిందే. అంతమంది చనిపోయిన చోట నిజం చెప్పగలిగింది ఆ పరీక్షలే, అది తలుచుకుంటే నాకిప్పటికీ మనసు బరువెక్కుతుంది.

రసాయన ఆయుధాల నిషేధం పని చూసే ఓపీసీడబ్ల్యూ అనే సంస్థ నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో ఉంది. దేశాలు తమ దగ్గరున్నట్టు ఒప్పుకున్న రసాయన ఆయుధాలు 72 వేల టన్నులకు పైనే, వాటి నాశనం 2023 జులైలో పూర్తయింది, దాన్ని ఇన్‌స్పెక్టర్లు దగ్గరుండి చూశారు. ఈ మాట మీ నాన్నగారికి చెప్పు. అణు వైపైతే వియన్నాలో ఐఏఈఏ, అంటే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ. అక్కడి ఇన్‌స్పెక్టర్లు ప్లాంటులో గోడల్నీ పరికరాల్నీ చిన్న కాటన్ గుడ్డతో తుడిచి తెస్తారు, ఆ గుడ్డకి అంటిన కంటికి కనపడని యురేనియం రేణువుని బట్టి ఎంతవరకు శుద్ధి చేశారో చెప్పేస్తారు. వియన్నాలోనే ఉన్న సీటీబీటీవో అణుపరీక్షల మీద నిఘా పెడుతుంది, 2006లో ఉత్తర కొరియా పరీక్షలో వెలువడిన జెనాన్ అనే వాయువు రెండు వారాలకి కెనడాలోని వాళ్ల స్టేషన్‌లో దొరికింది.

ఇక నువ్వు చేయాల్సింది. ఎంఎస్సీ అనలిటికల్ గానీ రేడియోకెమిస్ట్రీ గానీ తీసుకో, ఒప్పందాల చదువు పక్కన షార్ట్ కోర్సులతో సరిపోతుంది. న్యూక్లియర్ సబ్జెక్టుల్లో మాస్టర్స్ చేసే అమ్మాయిలకి ఐఏఈఏ మేరీ స్క్లొడొవ్‌స్కా క్యూరీ ఫెలోషిప్ ఇస్తుంది, తప్పకుండా అప్లై చెయ్. సీటీబీటీవో యూత్ గ్రూప్‌లో ఇప్పుడే చేరొచ్చు. ఇన్‌స్పెక్టర్ లాంటి పోస్టులకి కొన్నేళ్ల ల్యాబ్ అనుభవం అడుగుతారు కాబట్టి డిగ్రీ అవ్వగానే వచ్చేస్తుందనుకోకు, పైగా చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలే, సీటీబీటీవోలో మామూలుగా ఏడేళ్లు మించి ఉంచరు. ఇది ఇంట్లో ముందే చెప్పేయ్, తర్వాత తెలిస్తే బాధపడతారు.

ఎంఎస్సీలో ప్రాజెక్ట్ ఎంచుకునేటప్పుడు ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందుల అవశేషాలు తీసుకో, సారిన్‌ది కూడా ఆ కుటుంబమే, పైగా శాంపిల్‌లో ఏ రసాయనం ఉందో గుర్తించే జీసీ-ఎంఎస్ పరికరం మీద చెయ్యి తిరుగుతుంది.