నొప్పి ఎక్కడో చెప్పని రోగి

ప్రశ్న: సిస్టర్ గారికి నమస్కారం. మావారి వయసు 46. బట్టలు కుడతారు. రెండేళ్ల కిందట మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్. పోయిన నెల డాక్టరు గారు మార్పిడి సంగతి ఎత్తారు. నా మూత్రపిండం సరిపోవచ్చని మొదటి పరీక్షల్లో తేలింది. మా ఆడపడుచు ఫోనులో సమర్పణ నవదిన ప్రార్థన పంపింది. రోజూ చివర్లో 'యేసువా, మీరే చూసుకోండి' అని పదిసార్లు అనాలి. నోరు ఆ మాట అంటూనే ఉంది, మనసు మాత్రం 'ఆయన్ను బాగుచేయండి' అంటోంది. నాలుగో రోజు ఈ సంగతి చెబితే ఆడపడుచు, 'అప్పగించాక మళ్లీ అడిగితే అప్పగించినట్లు కాదు వదినా. మార్పిడి కూడా దేవుని చిత్తానికి అడ్డు వెళ్లడమే' అంది. నా ప్రార్థన అబద్ధమా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి నాకు కనిపించిన సంగతి చివర చెబుతాను. ముందు ఆ ప్రార్థన గురించి.

అది దొలిందో రువోతొలో అనే ఇటలీ కతోలిక గురువు (పాదిరి) రాసినది. నేపుల్స్ నగరంలో 1882లో పుట్టి 1970లో కన్నుమూశారు. పైవారి అనుమానాల వల్ల ఏళ్ల తరబడి పూజ చేసే అనుమతి పోగొట్టుకుని, 1937లో తిరిగి పొందిన మనిషి. 'మీరే చూసుకోండి' అనవలసిన అవసరం ఆయనకు చాలాసార్లే వచ్చి ఉంటుంది. ఆ ప్రార్థనలో ఒకచోట ప్రభువు మనల్ని మందలిస్తారు: మీరు వైద్యం చేయమని అడిగే రోగుల్లా రారు, ఏ వైద్యం చేయాలో వైద్యుడికే చెప్పే రోగుల్లా వస్తారు, అని.

ముప్పై ఏళ్లు మిషన్ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసినదాన్ని కాబట్టి అక్కడ నవ్వు ఆపుకోలేకపోయాను. అలాంటివారు ప్రతి వార్డులో ఇద్దరైనా ఉంటారు. 'సిస్టరు గారూ, మాత్రలు నాకు పనిచేయవు, సెలైను పెట్టించండి' అంటారు. వారితో ఎలాగో నెగ్గుకొస్తాం. మమ్మల్ని నిజంగా ఇబ్బంది పెట్టే రోగి వేరే ఉన్నాడు. నొప్పి ఎక్కడ అంటే 'మీకు తెలియనిది ఏముందమ్మా' అని చేతులు జోడిస్తాడు. మర్యాదస్థుడే, కానీ డాక్టరు పొట్టంతా నొక్కి వెతుక్కోవాలి. మీ ఆడపడుచు మిమ్మల్ని ఈ రెండో రోగిలా పడుకోమంటోంది. 'ఆయన్ను బాగుచేయండి' అంటే మీరు మందుచీటీ రాసినట్లు కాదమ్మా. నొప్పి ఉన్నచోట వేలు పెట్టి చూపారు, అంతే. దేవునికి ముందే తెలియదా అంటే, తెలుసు. చెప్పుకోవలసిన అవసరం మనది.

మీవారి డయాలసిస్ రోజులు చూసి నాకు జపమాల గుర్తొచ్చింది. జపమాలలో ఒక్కో రోజు ప్రభువు, మరియమ్మల జీవితంలోని ఐదు ఘట్టాలను ధ్యానిస్తాం, వాటినే దేవరహస్యాలు అంటాం. మంగళవారం దుఃఖ దేవరహస్యాలు కదా. మొదటిదే గెత్సేమని తోట, సిలువకు ముందు రాత్రి ప్రభువు ప్రార్థించిన చోటు. యంత్రం నాలుగు గంటలు తిరుగుతుంది, మీరు బయట బల్ల మీద కూర్చుంటారు. ఐదు రహస్యాలూ ముగించాలని పంతం పట్టకండి. మొదటి రహస్యపు పది జపాల్లోనే ఉండిపోండి. మార్కు సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు ముందుగా అన్నది, 'తండ్రీ, మీకు అన్నీ సాధ్యమే, ఈ పాత్రను నా నుండి తొలగించండి' అని. 'నా ఇష్టం కాదు, మీ ఇష్టం' అన్నది ఆ తరువాత. మనం ఆ మొదటి సగాన్ని దాటవేసి నేరుగా రెండో సగం పట్టుకుంటాం, అది భక్తి అనుకుంటాం. మత్తయి ప్రకారం ఆయన మూడుసార్లు వెళ్లి అదే ప్రార్థన చేశారు. అప్పగించాక మళ్లీ అడగకూడదనే నియమమే ఉంటే, ఆ రాత్రి దాన్ని మొదట తప్పింది ఆయనే. హెబ్రీయులకు రాసిన లేఖ 5వ అధ్యాయం, ఆయన పెద్ద కేకలతో, కన్నీళ్లతో మొరపెట్టుకున్నారనీ, ఆ మొర ఆలకించబడిందనీ అంటుంది. ఆలకించిన మర్నాడే సిలువ. ఈ మాట నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడలేదు. పడినట్లు మీ ముందు నటించను.

గురువారం వెలుగు రహస్యాలు. 2002లో రెండో జాన్ పౌల్ పోపుగారు చేర్చినవి, మా నాయనమ్మకు ఇవి తెలియవు. వాటిలో రెండోది కానా పెళ్లి. 'వారికి ద్రాక్షరసం లేదు' అని ప్రభువుతో అంది ఆయన తల్లి మరియమ్మ. ఎక్కడి నుంచి తేవాలో, ఎంత తేవాలో చెప్పలేదు. లేదన్న సంగతి మాత్రం దాచలేదు. మీకు మాటలు రాని రోజు అంత చిన్న వాక్యం చాలు: 'ఆయనకు మూత్రపిండం లేదు.' ఇక శనివారం సంతోష రహస్యాలు. అక్కడ కూడా, బిడ్డ పుడతాడని దేవదూత చెప్పినప్పుడు, ఆ తల్లి 'ఇది ఎలా జరుగుతుంది' అని అడిగాకే 'ఇదిగో ప్రభువు దాసిని' అంది.

ఇదంతా నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. మా అమ్మ పేగు క్యాన్సరుతో మంచం పట్టినప్పుడు నేను వ్రతాలు తీసుకుని పదేళ్లు అయింది. సిస్టర్‌ని కదా, కన్నీరు పెట్టుకోకూడదనుకున్నాను. మంచం పక్కన మోకరించి, గట్టిగా, తడబడకుండా 'ప్రభువా, మీ చిత్తమే నెరవేరాలి' అని ప్రార్థించాను. కళ్లు తెరిచేసరికి అమ్మ నా వైపే చూస్తోంది. 'ఊళ్లో అందరి కోసం అడుగుతావటగా, నా కోసం అడగడానికి నీకు నోరు రాలేదా?' అంది. ఆ రాత్రి వంటింట్లో, పొయ్యి పక్కన కూర్చుని, అమ్మను ఇమ్మని నేను ఏడ్చినంతగా మా అన్నయ్యలెవరూ ఏడ్చి ఉండరు. ఆరు వారాల తరువాత అమ్మ పోయింది. గుండె నిండా 'మీ చిత్తము నెరవేరునుగాక' అని నేను పరలోక జపంలో అనగలిగింది ఎప్పుడో మరుసటి తపస్సు కాలంలో, అంటే ఈస్టరుకు ముందు రోజుల్లో. అంతవరకూ ఆ వాక్యం దగ్గర నోరు కదిలేది, అంతే. దాన్ని అబద్ధమని నేను అనుకోను. మనసు రాకముందే మాట వెళ్లి తలుపు దగ్గర నిలబడుతుంది.

ఇక మార్పిడి. మూత్రపిండం చెడిపోవడంలో దేవుని చిత్తం చూసేవారు, మార్పిడి చేయవచ్చన్న డాక్టరు మాటలో ఎందుకు చూడరో నాకు అర్థం కాదు. మన కతోలిక బైబిల్లో సీరా జ్ఞానగ్రంథం ఉంది, ప్రొటెస్టెంటు బైబిల్లో ఉండదు. దాని 38వ అధ్యాయం మీ ఆడపడుచుకు చదివి వినిపించండి. వైద్యుణ్ణి గౌరవించు, మందులను భూమి నుంచి పుట్టించింది ప్రభువే, జబ్బు చేస్తే ప్రార్థన చెయ్యి, ఆ తరువాత వైద్యుడికి చోటివ్వు అంటుంది. కతోలిక సభ బోధనల పుస్తకమైన శ్రీసభ సత్యోపదేశం 2296వ పేరాలో అవయవదానం గురించి ఉంది. దాతకు కలిగే ప్రమాదం రోగికి కలిగే మేలుకు తగినట్లుంటే అది సమ్మతమే అంటుంది. దాత తెలిసి, మనస్ఫూర్తిగా ఒప్పుకోకపోతే మాత్రం సమ్మతం కాదు.

ఆడపడుచు మీద కోపం పెట్టుకోకండి. మంచం మీద ఉన్నది ఆమె తోబుట్టువు. తోబుట్టువుల మూత్రపిండం కూడా సరిపోవచ్చన్న సంగతి ఆమె చెవిన పడే ఉంటుంది. మనిషి భయం ఒక్కోసారి వాక్యం రూపంలో బయటికి వస్తుంది. ఈ మాట నేను అన్నానని ఆమెకు చెప్పకండి.

రెండోసారి చదివినప్పుడు కనిపించిందన్నాను కదా, ఇప్పుడు దానికి వస్తాను. ఇంత ఉత్తరంలో మీ గురించి ఉన్నది 'నా మూత్రపిండం సరిపోవచ్చు' అన్న ఒక్క మాటే. మీకు భయంగా ఉందా లేదా రాయలేదు. ఆపరేషను బల్ల ఎక్కాలి, పొట్ట మీద కోత పడుతుంది, ఆయనా మీరూ ఒకేసారి పడుకుంటే ఇల్లు ఎవరు చూడాలి? ఇన్ని రోజులుగా ఆయన్ను అప్పగిస్తున్నారు, మిమ్మల్ని అప్పగించుకున్నట్లు నాకు కనిపించలేదు. భయపడటం పాపం కాదు. తోటలో ప్రభువు నెత్తురులా చెమట కార్చింది ధైర్యం ఎక్కువై కాదు. ఇవ్వాలని ఉంటే ఇవ్వండి, వద్దనిపిస్తే వద్దనండి. ఇవ్వకపోయినా ఆయనకు మీరు మంచి భార్యే. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, ఇంటివారెవరూ పక్కన లేకుండా డాక్టరుతో పది నిమిషాలు మాట్లాడాలని అడగండి. ఆ పది నిమిషాల ముందు మాత్రం 'యేసువా, మీరే చూసుకోండి' అని ఒక్కసారి, మీ కోసం అనండి.

ప్రశ్న: నవదినంలో ఒకరోజు మరచిపోతే మళ్లీ మొదటి నుంచి చేయాలా?
– ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: అక్కరలేదు బాబూ. ప్రభువు మోక్షారోహణం నుంచి పవిత్రాత్మ దిగివచ్చేవరకు శిష్యులు మరియమ్మతో కలిసి మేడగదిలో ప్రార్థించిన రోజుల గుర్తుగా మనం తొమ్మిది పాటిస్తాం. ఆ గదిలో ఎవరూ హాజరు వేసినట్లు లేదు. అంతకుముందు తోటలో నిద్రపోయిన ముగ్గురూ అక్కడే ఉన్నారు. పదో రోజు చేసి ముగించు.