ఒంటరిగా టూర్‌కి వెళ్లి, ట్రావెలర్ల హాస్టల్‌లో దిగితే రోజంతా ఏం చేస్తారు?

హంపినే తీసుకోండి. తుంగభద్రకు అవతల ఆనెగొంది, సణాపుర వైపు హాస్టళ్లున్నాయి. డార్మ్‌లో, అంటే చాలామంది కలిసి పడుకునే గదిలో, గదికి కాదు, మంచానికి అద్దె కడతాం. ఆ గది నిద్రకే పనికొస్తుంది కాబట్టి అందరూ కామన్ ఏరియాలోనే చేరతారు. పరిచయాలన్నీ అక్కడే. ఎవరితో ఎలా మాట్లాడాలా అని టెన్షన్ పడక్కర్లేదు, "ఏ ఊరు మీది?" అంటే చాలు. పొద్దున టీ దగ్గర మొదలైన కబుర్లు ఎండెక్కేదాకా సాగుతాయి. మధ్యాహ్నం బండరాళ్లు కాలిపోతాయి, ఎవరూ కదలరు. పుస్తకమో, పేకాటో, కాసేపు కునుకో. ఎండ తగ్గాక ఎవరో ఒకరు అంజనాద్రి కొండ ఎక్కుదామంటారు. దాదాపు 575 మెట్లు, మాటల్లో తెలియకుండానే ఎక్కేస్తాం. హడావిడిగా పది గుళ్లు చుట్టి రావడం కన్నా నాకు ఇదే ఇష్టం. కనీసం మూడు రాత్రులుండండి, మొదటి రోజు మొహమాటంతోనే పోతుంది. లాకర్‌కు తాళం మీరే తీసుకెళ్లండి.