విదేశీ కొనుగోలుదారు గూగుల్‌లో ఏం టైప్ చేస్తాడు? పదివేలతో పట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది చీమకుర్తి. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. మా అమ్మాయి ఒంగోలులో బీకాం కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. మా ఓనర్ గారు వెబ్‌సైట్ పెట్టి చాలా కాలమైనా విదేశాల నుంచి ఎంక్వైరీలు రావడం లేదు. ‘ఏ దేశం వాళ్లు ఏ మాటతో వెతుకుతున్నారో మీ అమ్మాయి కనిపెడితే ఇంటర్న్‌షిప్ ఇక్కడే ఇస్తాను, ఖర్చులకు 10 వేలు పెడతాను’ అన్నారు. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లేమో కోర్సుకు 70 వేలు, టూల్స్‌కు నెలనెలా డాలర్లలో వేరే అంటున్నారు. ఇది ఉద్యోగానికి పనికొచ్చే పనేనా? పదివేలతో అవుతుందా?

జవాబు: అవుతుందండీ. ఆ 70 వేలు మాత్రం ఇప్పుడే కట్టకండి. ముందు ఓనర్ గారి పని చేయనివ్వండి. చేశాక ఇంకా ఏం నేర్చుకోవాలో అమ్మాయికే తెలుస్తుంది. అప్పుడు కోర్సు ఎంచుకోవడం తేలిక.

టూల్స్ విషయం ముందు చెబుతాను, ఎక్కువమంది భయపడేది అక్కడే. జనం ఏ మాటతో ఎంతమంది వెతుకుతున్నారో చూపించే పేరున్న టూల్స్ నెలకు 100 డాలర్లు దాటతాయి. అవి చూపించే అంకెలు కూడా అంచనాలే. పైగా చీమకుర్తి సరుకు లాంటి వాటికి ‘నెలకు 10 వెతుకులాటలు’ అనో, ఏకంగా సున్నా అనో చూపిస్తాయి. ఆ సున్నా చూసి మాటను కొట్టేస్తే పప్పులో కాలేసినట్టే. 20 అడుగుల కంటెయినర్‌లో 2 సెంటీమీటర్ల స్లాబులు దాదాపు 400 చదరపు మీటర్లు పడతాయి. నెలకు పదిమంది వెతికినా, అందులో ఒక్కడు కంటెయినర్ ఎత్తేవాడైతే చాలు. కాబట్టి ఎంతమంది వెతుకుతున్నారన్నది రెండో ప్రశ్న. వెతికేది ఎవరన్నది మొదటి ప్రశ్న. మీ అమ్మాయి ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే.

పని ఆఫీసు బీరువాలో మొదలవుతుంది, ఇంటర్నెట్‌లో కాదు. రెండు మూడేళ్ల ఇన్వాయిస్‌లు, ప్యాకింగ్ లిస్టులు, కొన్నవాళ్ల మెయిళ్లు ఓనర్ గారిని అడిగి ముందేసుకుని కూర్చోమనండి. కొనేవాడు సరుకును ఏ పేరుతో పిలిచాడో, మందం ఎలా రాశాడో, ఏ పాలిష్ అడిగాడో ఉన్నది ఉన్నట్టు ఒక షీట్‌లోకి ఎక్కించాలి. ఒకే రాయిని ఒకడు ‘బ్లాక్ గెలాక్సీ’ అంటాడు, ఇంకొకడు ‘స్టార్ గెలాక్సీ’ అంటాడు. మందం ఒకడు సెంటీమీటర్లలో, ఒకడు మిల్లీమీటర్లలో రాస్తాడు. డబ్బు పెట్టి కొన్నవాడు తన చేత్తో రాసిన మాట కంటే మంచి మాట ఏ టూల్ ఇవ్వదు.

అదే రోజు వెబ్‌సైట్‌కు గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉందో లేదో చూడాలి. ఉచితం. ఇప్పటికే ఉంటే 16 నెలల వెనకటి దాకా ఏ దేశంలో ఏ మాటకు మన పేజీ కనబడిందో చెబుతుంది. దేశాల వారీగా విడగొట్టి, కనబడి కూడా క్లిక్ రాని మాటలు పక్కకు తీయాలి. లేకపోతే ఆ రోజే పెట్టించాలి. ఆలస్యమైన ప్రతి రోజు లెక్కా పోయినట్టే, ఎందుకంటే పెట్టడానికి చాలా ముందునాటి సమాచారం తర్వాత దొరకదు.

తర్వాత దేశాల ఎంపిక. పది దేశాలు పెట్టుకోవద్దు, మూడు చాలు. ఐటీసీ (ఇంటర్నేషనల్ ట్రేడ్ సెంటర్) వాళ్ల ట్రేడ్ మ్యాప్ వెబ్‌సైట్‌లోనూ, మన వాణిజ్య శాఖ ఎగుమతుల డేటా బ్యాంకులోనూ హెచ్ఎస్ కోడ్ (సరుకు రకానికి దేశాలన్నీ వాడే నంబరు) కొట్టి చూస్తే ఇండియా నుంచి ఏ దేశం ఎంత కొంటోందో తెలుస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. 2516 అంటే బ్లాకులు, ముడి రాయి. 6802 అంటే పాలిష్ స్లాబులు, టైల్స్, సమాధి రాళ్లు. మీది పాలిషింగ్ యూనిట్ కాబట్టి 6802 చూడాలి. 2516 చూస్తే చైనా పైన కనబడుతుంది. వాళ్లు బ్లాకులు కొనుక్కుపోయి అక్కడ కోసుకునేవాళ్లు, మీకు గిరాకీ కాదు.

ఇప్పుడు మాటల దగ్గరకు వద్దాం. వంటింటి గట్టు మీద వేసే రాయినే తీసుకోండి. అమెరికాలో ‘కౌంటర్‌టాప్’, బ్రిటన్‌లో ‘వర్క్‌టాప్’, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ‘బెంచ్‌టాప్’. మూడూ ఇంగ్లీషే. మన వెబ్‌సైట్లలో మాత్రం కౌంటర్‌టాప్ ఒక్కటే రాసి ఉంటుంది. స్పెయిన్‌లో ‘ఎన్సిమెరా’ అంటే అర్జెంటీనాలో ‘మెసాదా’. సమాధి రాయి జర్మనీలో ‘గ్రాబ్‌స్టైన్’, పోలండ్‌లో ‘నగ్రోబెక్’. గూగుల్ ట్రాన్స్‌లేట్‌నో, చాట్‌జీపీటీనో అడిగితే నిఘంటువు మాట ఇస్తుంది. అది వ్యాపారంలో వాడే మాట కావచ్చు, కాకపోవచ్చు. తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. ఆ మాటను ఆ దేశపు లిపిలోనే గూగుల్ ఇమేజెస్‌లో వేయాలి. మన యార్డులో నిలబెట్టినట్టు స్లాబులు కనబడితే మాట సరైనది. స్పానిష్‌లో స్లాబుకు ‘లోసా’ అని అనువాదం వస్తుంది. బొమ్మలు చూస్తే కాంక్రీటు శ్లాబులు దిగుతాయి! స్పెయిన్ రాతి వ్యాపారులు ‘తాబ్లా’ అంటారు. అక్కడి పెద్ద రాతి వ్యాపారుల వెబ్‌సైట్ తెరిచి మెనూలో పేర్లు చూసినా ఇలాంటివి దొరుకుతాయి. జర్మన్‌లో ఇంకో తంటా ఉంది: రెండు మాటలు కలిపి ఒకే మాటగా రాస్తారు, విడగొట్టి కూడా వెతుకుతారు. ‘గ్రానిట్ ఆర్‌బైట్స్‌ప్లాటె’ కలిపీ, విడిగానూ రెండూ షీట్‌లో ఉండాలి.

ఇలా దేశానికి 20, 30 మాటలు పోగయ్యాక గూగుల్ కీవర్డ్ ప్లానర్. ఏ మాటను నెలకు సుమారు ఎంతమంది వెతుకుతున్నారో గూగుల్ యాడ్స్ (గూగుల్‌లో ప్రకటనలు ఇచ్చే చోటు) లోపల ఇదే చెబుతుంది. గూగుల్ యాడ్స్ ఖాతా తెరవగానే ‘ప్రకటన పెట్టండి’ అని తోస్తుంది. క్యాంపెయిన్ (ప్రకటన) పెట్టకుండా ఖాతా మాత్రమే తెరిచే దారి ఉంటే అది ఎంచుకోవాలి. ఒక్కసారికి 10 మాటల దాకా వేయొచ్చు. పైన లొకేషన్‌లో ఇండియా ముందే ఉంటుంది. దాన్ని తీసేసి ఒక్క జర్మనీ పెట్టాలి, భాష జర్మన్‌కు మార్చాలి. రెండు దేశాలు కలిపి పెడితే అంకెలు కలిసిపోయి ఎందుకూ పనికిరావు. డబ్బు ఖర్చు పెట్టని ఖాతాకు కచ్చితమైన సంఖ్య ఇవ్వదు, 100 నుంచి 1000 లాగా పరిధి ఇస్తుంది. అది చాలు. మీ పనికి 170కీ 260కీ తేడా లేదు.

కొత్తవాళ్లందరూ బోల్తా పడేది ‘కాంపిటీషన్’ అన్న వరుస దగ్గర. అక్కడ ‘హై’ అని ఉంటే ఆ మాటకు వెబ్‌సైట్ పైకి రావడం కష్టమని అనుకుంటారు. కాదు. ప్రకటనలు ఇచ్చేవాళ్ల పోటీ అది. దాని పక్కన ఉండే టాప్ ఆఫ్ పేజ్ బిడ్ (పేజీ పైభాగాన ప్రకటన రావడానికి ఒక క్లిక్‌కు ఇచ్చే ధర) వరుసలు చూడమనండి. ఒక మాటకు వెతుకులాటలు తక్కువగా ఉండి బిడ్ ఎక్కువగా ఉందంటే, దాని వెనకాల కొనేవాళ్లు ఉన్నారని డబ్బు పెట్టేవాళ్లు నమ్ముతున్నారన్నమాట. అలాంటివి షీట్‌లో పసుపు రంగు వేసుకోవాలి.

ఇక అసలు పని. ప్రతి మాటకూ ఆ దేశంలో మొదటి పేజీలో ఎవరు కనబడుతున్నారో చూడాలి. ఒంగోలులో కూర్చుని గూగుల్ డాట్ డీఈ కొడితే జర్మనీ ఫలితాలు రావు. 2017 నుంచే గూగుల్ మనం ఎక్కడున్నామో చూసి ఫలితాలు ఇస్తోంది. మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే ఉచిత వీపీఎన్‌ల జోలికీ పోవద్దు, ఆఫీసు పాస్‌వర్డులున్న కంప్యూటర్లో అసలే వద్దు. గూగుల్ యాడ్స్‌లోనే యాడ్ ప్రివ్యూ అనే పనిముట్టు ఉంది, ఊరు జర్మనీలోది పెట్టి చూడొచ్చు. మొదటి పది ఫలితాల్లో షోరూములు, వంటింటి డిజైన్లు, ‘ఎలా శుభ్రం చేయాలి’ వ్యాసాలు ఉంటే ఆ మాట కొట్టేది ఇంటివాళ్లు. ఐదు చదరపు మీటర్లు కావాల్సిన మనిషికి చీమకుర్తి యూనిట్ ఏం అమ్ముతుంది? ‘కౌంటర్‌టాప్’ను ఎంత మంది వెతికినా మనకు ఉపయోగం తక్కువ అనేది ఇందుకే. హోల్‌సేల్, సప్లయర్, స్లాబ్స్, ఎక్స్‌పోర్టర్, 3 సెంటీమీటర్లు లాంటి తోకలున్న మాటల్లో దిగుమతిదారులు, కోసి అమ్మే ఫ్యాబ్రికేటర్లు ఉంటారు. జర్మన్‌లో హోల్‌సేల్‌కు ‘గ్రోస్‌హాండెల్’ అనే తోక తగిలించి చూడాలి. షీట్‌లో ‘ఎవరు’ అని ఒక వరుస పెట్టి, ఇంటివారు, ఫ్యాబ్రికేటర్, దిగుమతిదారు అని మూడింట్లో ఒకటి రాయించండి. ఓనర్ గారు ముందు చదివే వరుస ఇదే అవుతుంది.

ఒక్క ‘బ్లాక్ గెలాక్సీ’ అని మాత్రం ఎక్కడా వదిలేయొద్దు. గ్రానైట్ అన్న మాట తగిలించకపోతే శాంసంగ్ ఫోన్లు, ఆకాశం వాల్‌పేపర్లు వెతికేవాళ్ల గుంపులో పడతారు.

గూగుల్ ట్రెండ్స్ రెండు మాటల్లో ఏది ఎక్కువో తేల్చడానికి బాగుంటుంది. అది ఇచ్చే 100 అంటే వందమంది కాదు, ఆ కాలంలో ఎక్కువగా వెతికిన సమయానికి 100 అని పెట్టి మిగతావి దానితో పోల్చి చూపిస్తుంది. చిన్న మాటలకు డేటా చాలదు అంటుంది, వదిలేయండి. రష్యా వైపు చూసేటట్లయితే అక్కడి సెర్చ్ ఇంజిన్ యాండెక్స్ వాళ్ల వర్డ్‌స్టాట్, కొరియా అయితే అక్కడి సెర్చ్ ఇంజిన్ నేవర్ చూడాలి. అక్కడ గూగుల్ ఒక్కటే చూస్తే సరిపోదు.

10 వేలు ఎక్కడ పెట్టాలి? నా లెక్క ఇది. 5 వేలు గూగుల్‌లో పెట్టే పరీక్ష ప్రకటనకు, దాని మీద 18 శాతం జీఎస్టీ 900. 3 వేలు, ఆ భాష మాట్లాడే మనిషి చేత మాటలు, ఒక పేజీ చదివించి దిద్దించడానికి. ఫ్రీలాన్సర్ల సైట్లలో దొరుకుతారు. అనువాదం అడగకండి, ‘రాతి వ్యాపారంలో ఈ మాట వాడతారా’ అని అడగండి. మిగిలిన 1100 చేతిలో ఉంచుకోవాలి.

ఆ ప్రకటనలో చేతి చమురు వదిలే చోట్లు రెండు. లొకేషన్ ఎంపికల్లో గూగుల్ తానుగా పెట్టేది ‘ఆ దేశంలో ఉన్నవాళ్లు, లేదా ఆ దేశం మీద ఆసక్తి ఉన్నవాళ్లు’ అన్నది. అలాగే వదిలేస్తే జర్మనీ గురించి వెతికే మనవాళ్ల క్లిక్కులకు కూడా డబ్బు పోతుంది. ‘ఆ దేశంలో ఉన్నవాళ్లు’ అన్నదానికి మార్చి, ఇండియాను మినహాయింపుల్లో వేయాలి. రెండోది మ్యాచ్ రకం, అంటే మన మాటకు ఎంత దగ్గరగా ఉన్న వెతుకులాటలకు ప్రకటన చూపాలన్నది. దూరపు మాటలకూ చూపే బ్రాడ్ వద్దు, ఎగ్జాక్ట్, ఫ్రేజ్ చాలు. ఒక దేశం, ఐదారు మాటలు, రెండు వారాలు. ప్లానర్‌లో కనబడిన బిడ్‌తో 5 వేలను భాగిస్తే సుమారు ఎన్ని క్లిక్కులొస్తాయో ముందే తెలుస్తుంది. పది కూడా రావనుకుంటే ఆ దేశం మార్చుకోండి. రోజూ సెర్చ్ టర్మ్స్ రిపోర్టు తెరిచి ఫోన్, వాల్‌పేపర్, జాబ్స్, క్లీనింగ్ లాంటివి నెగటివ్ మాటల్లో (ప్రకటన చూపించొద్దని చెప్పే మాటలు) వేస్తుండాలి. జనం నిజంగా టైప్ చేసిన మాటలు కొన్ని ఆ రిపోర్టులోనే బయటపడతాయి. ఆర్డర్ రాకపోయినా ఆ డబ్బు దండగ కాదు.

మాటలు తేలాక దేశానికో పేజీ. బ్రిటన్ పేజీలో వర్క్‌టాప్, 20, 30 మిల్లీమీటర్లు. అమెరికా పేజీలో అంగుళాలు కూడా. వెబ్‌సైట్ చేసినవాళ్లు హెచ్‌రెఫ్‌లాంగ్ గుర్తులు (ఏ పేజీ ఏ దేశానికో, ఏ భాషకో గూగుల్‌కు చెప్పేవి) పెట్టేటప్పుడు బ్రిటన్‌కు ‘యూకే’ అని రాస్తారు. అది పనిచేయదు, ‘జీబీ’ అని ఉండాలి. ఒక పేజీ రెండోదాన్ని చూపితే రెండోది కూడా మొదటిదాన్ని చూపాలి.

ఇక ఉద్యోగం సంగతి. ఒక్క కీవర్డులు వెతకడమే జీవితాంతం ఉద్యోగం అవుతుందని చెప్పను. వెతికిన చోటే ఏఐ జవాబు ఇచ్చేస్తుంటే వెబ్‌సైట్ల మీద క్లిక్కులు తగ్గుతున్నాయి. కానీ ‘ఈ మాట వెనకాల ఉన్నది దిగుమతిదారా, కాదా’ అని చెప్పగలిగి, ఎఫ్ఓబీ (ఓడ ఎక్కించే దాకా ధర), సీఐఎఫ్ (ఓడ కిరాయి, బీమా కలిపిన ధర) అంటే తెలిసి, ఎంక్వైరీకి ఇంగ్లీషులో శుభ్రంగా మెయిల్ రాయగల మనిషి ఎగుమతి చేసే ఏ ఆఫీసుకైనా కావాలి. మన ప్రాంతంలో గ్రానైట్ ఒక్కటే లేదు. నెల్లూరు వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకూ ఇదే పని. అమెరికా కొనుగోలుదారు ‘ష్రింప్’ అంటాడు, బ్రిటన్, ఆస్ట్రేలియా వాళ్లు ‘ప్రాన్’ అంటారు. ‘హెచ్ఎల్ఎస్ఓ వెనామీ 16/20’ అని కొట్టేవాడు వండుకునేవాడు కాదు, వ్యాపారి. తలతీసి పెంకుతో ఉన్నవి, పౌనుకు 16 నుంచి 20 తూగేవి అని వాడికి తెలుసు. గ్రానైట్ షీట్ బాగా చేసిన అమ్మాయి రొయ్యల షీట్ కూడా చేయగలదు.

సర్టిఫికెట్ కావాలంటే గూగుల్ స్కిల్‌షాప్‌లో సెర్చ్ యాడ్స్ సర్టిఫికేషన్ ఉచితం. ఇంటర్వ్యూలో మాత్రం ఆమె షీటే మాట్లాడుతుంది. ఎందుకు ఈ మాట ఉంచావు, ఎందుకు ఆ మాట తీసేశావు అన్నదానికి పక్కనే కారణం రాసి ఉండాలి.

ఓనర్ గారితో రెండు విషయాలు ముందే మాట్లాడుకోండి. కొత్త పేజీలు గూగుల్‌లో పైకి రావడానికి నెలలు పడుతుంది, ఇంటర్న్‌షిప్ అయిపోయేలోపు ఆర్డర్ రాకపోవచ్చు. అందుకని ఆమె ఇవ్వాల్సింది మూడు దేశాల షీట్, పేజీల మాటలు, ప్రకటన రిపోర్టు అని ఒక కాగితం మీద రాసుకోండి, సంతకం చేయించుకోండి. యాడ్స్, సెర్చ్ కన్సోల్ ఖాతాలు కంపెనీ మెయిల్ మీదే తెరవాలి. అందులో అమ్మాయికి యూజర్‌గా అనుమతి ఇస్తే చాలు. ప్రకటన డబ్బు కట్టే కార్డు కూడా కంపెనీదే ఉండాలి, మీదో అమ్మాయిదో కాకూడదు. రెండు వారాలయ్యాక క్యాంపెయిన్ ఆపడం మరిచిపోతే బిల్లు పెరుగుతూనే ఉంటుంది, అందుకే మొదటి రోజే ముగింపు తేదీ వేసేయమనండి.